‘ఉత్పన్నం కాదు’ అన్న జవాబు రాకుండా అడగడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి అందిన లేఖల్లో, ప్రభుత్వ పనుల గురించి శాసనసభ్యుడు ఏం అడగగలడు, ఎంతవరకు అడగగలడు అన్న సందేహాలను ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మాది వంశధార ఎడమ ప్రధాన కాలువ శివారు ఆయకట్టు. నారు ముదిరిపోయాకగాని మా పొలాలకు నీరు చేరదు. ఇటువంటి విషయం శాసనసభలో ఎవరైనా అడిగితే ‘కాదండి’, ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అటువంటప్పుడు అడిగి ప్రయోజనం ఏమిటి?
– ఒక రైతు, నందిగాం మండలం

జవాబు: ఆ జవాబుకు మంత్రిని ఒక్కరినే తప్పుపట్టలేం. లోపంలో సగం ప్రశ్న రాసిన తీరులోనే ఉంటుంది. శాసనసభ ప్రశ్నను అ, ఆ, ఇ అనే భాగాలుగా రాస్తారు. మొదటి భాగం ‘ఫలానా మాట వాస్తవమేనా?’ అని మొదలవుతుంది. ‘అయితే కారణాలేమిటి, ఎప్పటిలోగా సరిచేస్తారు?’ అన్న తరువాతి భాగాలు దాని మీదే ఆధారపడి ఉంటాయి. మొదటి భాగానికి ‘కాదండి’ అన్న జవాబు వచ్చిందంటే మిగిలినవేవీ ఉత్పన్నం కావు. ‘శివారు భూములకు నీరు అందడం లేదన్న మాట వాస్తవమేనా?’ అని అడిగితే, సీజను మొత్తంలో రెండు రోజులు కాలువ చివర తడి కనిపించినా, ‘కాదండి’ అని రాసి ఇచ్చే వెసులుబాటు శాఖకు దొరుకుతుంది.

అదే సంగతిని మరోలా అడగవచ్చు. గత మూడు ఖరీఫ్ సీజన్లలో ఫలానా డిస్ట్రిబ్యూటరీకి (ప్రధాన కాలువ నుంచి చీలే పిల్ల కాలువకు) తల దగ్గర, చివర నెలవారీగా నమోదైన ప్రవాహం ఎన్ని క్యూసెక్కులు? దాని కింద రికార్డుల్లో ఉన్న ఆయకట్టు ఎంత, నిజంగా నీరందిన విస్తీర్ణం ఎంత? పూడికతీతకు, షట్టర్ల మరమ్మతులకు ఏ ఏడాది ఎంత మంజూరైంది, ఎంత చెల్లించారు? వీటికి అవుననో కాదనో చెప్పి తప్పించుకోవడం కుదరదు. అంకె ఇవ్వాలి, లేదా అసలు కొలవనే లేదని ఒప్పుకోవాలి. శివారు రైతుకు ఆ ఒప్పుకోలు కూడా పనికివచ్చేదే.

ఇటువంటి లెక్కలకు నక్షత్రం గుర్తు లేని ప్రశ్న సరిపోతుంది, ఎందుకంటే దానికి రాతపూర్వకంగానే జవాబిస్తారు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ముందు లెక్క రాబట్టి, అది చేతికి వచ్చాక నక్షత్రం గుర్తున్న ప్రశ్నతో నిలదీసే సభ్యుడు పని తెలిసినవాడు. చాలామంది మొదటి దశను వదిలేసి నేరుగా రెండోదానికి దిగుతారు. టీవీలో కనిపించేది అదే కనుక దీనికి ఆశ్చర్యపడనక్కరలేదు.

మీ కాలువ విషయంలో మరో జాగ్రత్త అవసరం. కాలువ మొదలయ్యే గొట్టా బ్యారేజీ దగ్గర నీటిని నిల్వ చేసుకునే అవకాశం తక్కువ. నదిలో ప్రవాహం తగ్గగానే కాలువ కూడా తగ్గుతుంది. అందుకే హిరమండలం వద్ద సుమారు 19 టీఎంసీల రిజర్వాయరు, ఎగువన నేరడి బ్యారేజీ ఆలోచన వచ్చాయి. ఒడిశా అభ్యంతరాల వల్ల నేరడి సంగతి 2010లో ఏర్పాటైన ట్రిబ్యునల్ ముందుకు వెళ్లింది. 2017 సెప్టెంబరులో వెలువడిన తీర్పు బ్యారేజీకి అనుమతినిచ్చింది, వ్యవహారం ఆ తరువాత సుప్రీంకోర్టుకూ చేరింది. ఇదంతా నిజమే గాని, డిస్ట్రిబ్యూటరీలో పేరుకున్న పూడికకూ ఒడిశాకూ సంబంధం లేదు. రెండు రాష్ట్రాల మధ్య తేలవలసినదేదో, మండల స్థాయి ఇంజినీరు పరిధిలో ఉన్నదేదో విడదీసి అడగకపోతే, మొదటిదాన్ని చూపి రెండోదాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయవచ్చు.

చివరిగా, ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబును చూసి నిరాశ పడకండి. మంత్రి నోటి నుంచి వచ్చిన ఏయే మాటలను హామీగా లెక్కించాలో లోక్‌సభ ఒక జాబితా పెట్టుకుంది. ‘విషయం పరిశీలనలో ఉంది’ అన్న మాట అందులో ఉంది, హామీని నెరవేర్చడానికి అక్కడ మూడు నెలల గడువు పెట్టుకున్నారు. మన శాసనసభకూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. సభ్యుడు ఆ మాటను తేదీతో సహా పట్టుకుని కమిటీ ముందు పెట్టవచ్చు. ప్రశ్నోత్తరాల సమయానికి వచ్చే ప్రచారంలో పదోవంతు కూడా ఈ పనికి రాదు, అయినా ఫలితం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

ప్రశ్న: మా ఎమ్మెల్యే అధికార పక్షం వారు. సొంత ప్రభుత్వాన్నే ప్రశ్నిస్తే సభ్యత్వం పోతుందని అనుచరులు అంటున్నారు. నిజమేనా?
– గజపతినగరం నుంచి ఒక ఉపాధ్యాయిని

జవాబు: నిజం కాదు. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదవ షెడ్యూలు ప్రకారం, పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌కు, అంటే ఓటింగ్ విషయంలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా అనర్హత వర్తిస్తుంది. ప్రశ్న వేయడం ఓటు వేయడం కాదు. ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే పార్టీని వదులుకున్నట్టూ కాదు. పైగా, 2003 నాటి సవరణ మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి పరిమితం చేసింది. 175 మంది సభ్యులున్న మన సభలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండరాదు. మిగిలిన దాదాపు 150 మంది, ఏ పార్టీవారైనా, ప్రభుత్వంలో భాగం కారు. ప్రభుత్వం ఎవరికి జవాబుదారీయో ఆ సభలో భాగం. మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని 164వ అధికరణం చెబుతోంది. టిక్కెట్టు ఇచ్చేది పార్టీ కనుక సభ్యులు మొహమాటపడతారన్నది వేరే సంగతి. దాన్ని చట్టం మీదికి నెట్టడం సరికాదు.

మన ప్రాంతానికి ఈ విషయంలో చిన్న చరిత్ర కాదు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్య నిషేధ వివాదంలో ఒక్క ఓటు తేడాతో కూలింది. గీత కార్మికుల పక్షాన ఆ పోరు సాగించిన గౌతు లచ్చన్న గారు బారువ వాస్తవ్యులు. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ప్రశ్న: తారకరామ తీర్థసాగరం వంటి సాగునీటి పథకాల పేర్లు జలయజ్ఞం రోజుల నుంచి బడ్జెట్ పద్దుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. నిధులు కేటాయించారంటే పని జరుగుతున్నట్టే అనుకోవచ్చా?
– నెల్లిమర్ల నుంచి ఒక పాఠకుడు

జవాబు: అనుకోకూడదు. బడ్జెట్ పుస్తకంలో ఒకే పథకం ఎదురుగా గత సంవత్సరపు వాస్తవ ఖర్చు, నడుస్తున్న సంవత్సరపు అంచనా, సవరించిన అంచనా, వచ్చే సంవత్సరపు అంచనా ఉంటాయి. పత్రికల్లో పతాక శీర్షికలకు ఎక్కేది చివరి అంకె. చదవవలసింది మొదటిది. వాస్తవ ఖర్చు అంచనాకు చాలా దూరంలో ఆగిపోతుంటే, కొత్త కేటాయింపు ఎంత పెద్దదైనా దానికి విలువ లేదు. సభ్యుడు పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు కోత తీర్మానం (పద్దును తగ్గించాలని కోరే తీర్మానం) ఇచ్చి ఈ తేడాను ఎత్తిచూపవచ్చు. కాంట్రాక్టరుకు చెల్లించవలసిన బిల్లులెన్ని, ఎం-బుక్‌లో (జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు నమోదై కూడా డబ్బు పడనివెన్ని, భూసేకరణ ఎన్ని ఎకరాల దగ్గర ఆగింది, నిర్వాసితులకు ఎంత బాకీ ఉంది అని విడివిడిగా అడగాలి. ‘పనులు పురోగతిలో ఉన్నాయి’ అన్న వాక్యం వెనుక దాగేవి ఈ నాలుగే.

ఖర్చయిన తరువాత తనిఖీ చేసేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్). ఆ నివేదికలు 151వ అధికరణం ప్రకారం గవర్నరు ద్వారా సభ ముందుకు వస్తాయి, ఆపైన ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. ఆ కమిటీ అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2019లో అలాగే జరిగింది. 2024 నవంబరులో ప్రతిపక్షం ఎన్నికను బహిష్కరించగా, అధికార కూటమిలోని జనసేన సభ్యుడు అధ్యక్షుడయ్యారు. ఎవరి వాదన వారికి ఉన్నా, తనిఖీ చేసే కుర్చీలో ఖర్చు పెట్టనివారు కూర్చోవాలన్న ఆనవాయితీలో వివేకం ఉందని మా అభిప్రాయం.

ప్రశ్న: ఉద్దానంలో కిడ్నీ జబ్బుల కారణంగా మంచినీటి పథకం వచ్చింది. ప్రారంభోత్సవం అయిపోయాక దాన్ని ఎవరు అడగాలి? సభ ఏడాదికి ఎన్ని రోజులని జరుగుతుంది?
– కవిటి నుంచి ఒక గృహిణి

జవాబు: హిరమండలం రిజర్వాయరు నుంచి ఏడు మండలాలకు నీరందించే ఆ 700 కోట్ల రూపాయల పథకాన్ని, పలాసలోని కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇటువంటి పథకం విలువ శిలాఫలకం మీద తెలియదు, పంపు నడిచిన గంటల్లో తెలుస్తుంది. ఏ గ్రామానికి వారంలో ఎన్ని రోజులు నీరు వచ్చింది, పైపు పగిలితే ఎన్నాళ్లకు బాగుచేశారు, నీటి పరీక్షల ఫలితాలేమిటి, ఆసుపత్రిలో మంజూరైన నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) పోస్టుల్లో ఎన్ని భర్తీ అయ్యాయి అన్నవి అడగవలసినవి.

సభ రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండరాదని మాత్రమే రాజ్యాంగం చెబుతుంది. అయితే ఎమ్మెల్యే అడగడానికి సభ ఒక్కటే చోటు కాదు. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో, కేంద్ర పథకాల అమలును సమీక్షించే, ఎంపీ అధ్యక్షతన జరిగే ‘దిశ’ కమిటీలో, సాగునీటి సలహా మండలిలో, జిల్లా సమీక్షా సమావేశంలో ఆయనకు స్థానం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తులు పాత హద్దుల్లోనే సాగాయి కనుక, విజయనగరం జిల్లాలోకి వెళ్లిన రాజాం ఎమ్మెల్యే శ్రీకాకుళం పరిషత్తులోనే అడగవలసి వచ్చింది. ఈ సమావేశాల మినిట్స్ అడిగి తీసుకోండి. అక్కడ మీ ఎమ్మెల్యే ఏం మాట్లాడారో, అసలు వచ్చారో లేదో అందులో ఉంటుంది.

ప్రశ్న: మామూలు ఓటరు నేరుగా సభకు విన్నవించుకోవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: సభకు పిటిషన్ల కమిటీ ఉంది. దానికంటే దగ్గర దారి, మీ ఎమ్మెల్యేకు సభలో వేయడానికి సిద్ధంగా ఉన్న ప్రశ్న రాసి ఇవ్వడం. ముందుగా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు చేయవచ్చు. పని పేరు, పరిపాలనా అనుమతి ఇచ్చిన జీవో నంబరు, తేదీ, ఒప్పందపు గడువు, ఇప్పటివరకు చెల్లించిన మొత్తం, ఆగిన చోటు, ఇవన్నీ ఒకే పేజీలో రాసి, అడగవలసిన రెండు మూడు ప్రశ్నలను కింద చేర్చి, సమావేశాల తేదీలు ప్రకటించకముందే అందజేయండి. ప్రశ్నకు ముందస్తు నోటీసు ఇవ్వాలి కనుక సభ మొదలయ్యాక ఇస్తే అది తరువాతి సమావేశాల దాకా ఆగుతుంది. అదే పేజీ నకలును ప్రతిపక్ష సభ్యుడికీ, శాసనమండలి సభ్యుడికీ పంపడానికి మొహమాటపడనక్కరలేదు.