కాలేజీ తోటలో చేరాలంటే నీళ్ళు పెట్టే టైముకి వెళ్ళు
చెల్లీ, మీ కాలేజీలో స్టూడెంట్స్ నడిపే తోటలో చేరాలనుంది కానీ నాది కంప్యూటర్స్ బ్రాంచి, పొలం పని రాదు, గ్రూపులో మెసేజ్ పెడితే ఎవరూ పలకలేదు అన్నావు కదా, ఆ మెసేజ్ వదిలెయ్, సాయంత్రం నీళ్ళు పెట్టే టైముకి నేరుగా వెళ్ళిపో, పనిలో చెయ్యేసేవాళ్ళని ఎవరూ వద్దనరు.

మన డెల్టా నల్లమట్టి వాన పడితే కాళ్ళకి బంకలా పట్టేస్తుంది, నీళ్ళు తొందరగా దిగవు, అందుకే కూరగాయలకి బోదెలు, అంటే మొక్కలు నాటే మట్టి గట్లు, ఎత్తుగా తోలి పక్కన కాలవ తీయాలి, ముందు అది చూసి నేర్చుకో. తర్వాత జీవామృతం, అంటే మొక్కలకి పోసే సేంద్రియ ఎరువు నీళ్ళు, కలపడం నేర్చుకో. 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ములో 10 కేజీల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల శనగపిండి, గుప్పెడు పొలం గట్టు మట్టి వేసి నీడలో 48 గంటలు ఉంచాలి, పూటపూటా కర్రతో తిప్పాలి. ఆ వాసనకి చాలామంది పక్కకి తప్పుకుంటారు, నువ్వు నిలబడ్డావంటే అందరికీ తెలిసిపోద్ది.

ఇంకోటి, ఎండాకాలం సాగునీటి కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, సెలవులూ అప్పుడే, పిల్లలంతా ఊళ్ళకెళ్ళిపోతారు, తోట ఎండేది అప్పుడేరా. మీ ఊరు దగ్గరైతే ఆ నీళ్ళ పని నేను చూసుకుంటానని ఇప్పుడే చెప్పెయ్.