బల్ల ఎక్కడ వేయాలి: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

పదిహేడో శతాబ్దపు బ్రిటన్‌లో ప్రొటెస్టెంటు సంఘాల మధ్య నడిచిన వివాదాల మీద నీవు రాసిన చిత్తుప్రతిని శ్రద్ధగా చదివాను. తెలుగులో ఈ విషయాన్ని చేపట్టేవారు అరుదు కనుక నీ ప్రయత్నం నాకు నిజంగా సంతోషం కలిగించింది, ఆ సంతోషం వల్లనే ఏదీ దాచకుండా రాస్తున్నాను. నీ వ్యాసం మొదట్లోనే ఒక వాక్యం ఉంది: "ప్రభువు బల్లను గోడవారన వేయాలా, జనం మధ్య వేయాలా అనే అల్ప విషయానికి ఒక దేశం నెత్తురోడింది." చదవడానికి ఇంపుగానే ఉంది. కాని ఆ మాట రాసిన చోటే నీవు ఆ మనుషుల పక్కనుంచి లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నావు, ఆ తర్వాత చెప్పిన కథంతా ఆ దూరం నుంచే చెప్పావు. ఒక విషయం అల్పమో కాదో తేల్చవలసింది దాని కోసం పదవిని, ఇంటిని, చెవులను పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళకు అది ఎందుకు పెద్దదైందో పాఠకుడికి తెలిసేలా రాయడమే మన పని.

క్రీస్తు చివరి భోజనాన్ని తలచుకుంటూ జనం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆ బల్ల సంగతే తీసుకుందాం. ఎలిజబెత్ రాణి కాలపు ఏర్పాటు ప్రకారం మామూలు రోజుల్లో బల్ల చర్చిలో తూర్పు గోడ దగ్గర ఉండాలి, ప్రభు రాత్రి భోజనం జరిగే రోజున దానిని జనానికి దగ్గరగా తీసుకురావాలి. చాలా ఊళ్ళలో అది మధ్యలోనే ఉండిపోయింది. 1633లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన విలియం లాడ్, ఆయనతో ఏకీభవించిన బిషప్పులు దానిని తిరిగి గోడకు చేర్చి, చుట్టూ కటకటాలు కట్టించి, జనం ఆ కటకటాల దగ్గరికి వచ్చి మోకరించి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవాలని పట్టుబట్టారు. వాళ్ళ బాధ ఏమిటో ముందు విను. ఊరి లెక్కలు ఆ బల్ల మీదే చూసుకుంటున్నారు, బడిపిల్లలు దాని మీదే పలకలూ పుస్తకాలూ పెట్టుకుంటున్నారు, కుక్కలు దాని కిందికి దూరుతున్నాయి. ప్రభువు శరీరాన్ని, రక్తాన్ని జ్ఞాపకం చేసుకునే చోటుకు ఇంతేనా గౌరవం అన్నది వాళ్ళ ప్రశ్న. భూమి మీద దేవుడు నివసించే చోట్లలో అదే అన్నిటికన్నా గొప్పదని, ప్రసంగ వేదిక కన్నా అదే మిన్న అని లాడ్ 1637లో స్టార్ ఛాంబర్ న్యాయస్థానంలో బాహాటంగా చెప్పాడు. అది అతని హృదయపూర్వకమైన భక్తి. లాడ్‌ను కేవలం రాజు చేతి కర్రగా చిత్రిస్తే నీ కథలో సగం మాయమవుతుంది.

ఇప్పుడు ఇటువైపు వచ్చి కూర్చో. శిష్యులు ప్రభువుతో కలిసి భోజనపు బల్ల దగ్గర కూర్చున్నారు, ఎవరూ మోకరించలేదు. రొట్టె ముందు మోకరించడం రోమన్ కాథలిక్కుల పూజావిధానం, ఎందుకంటే వాళ్ళ నమ్మకం ప్రకారం ఆ రొట్టే క్రీస్తు శరీరంగా మారుతుంది. బల్ల బలిపీఠమైతే దాని దగ్గర నిలిచేవాడు బలి అర్పించే యాజకుడవుతాడు, యాజకుడు ఉన్నచోట మనిషికీ దేవునికీ మధ్య మళ్ళీ ఒక మధ్యవర్తి ప్రవేశిస్తాడు. అంటే పోపు అధికారాన్ని కాదన్న పదహారో శతాబ్దపు సంస్కరణోద్యమం పడగొట్టిన గోడను ఒక వడ్రంగి పనితో తిరిగి లేపుతున్నారన్నమాట. చర్చిలో కాథలిక్కు జాడలేవీ మిగలకూడదన్న ప్యూరిటన్ల వాదన ఈ వరసలో నడిచింది, ఇందులో ఏ మెట్టూ తెలివితక్కువది కాదు. దీనికి భయం కూడా తోడైంది. 1605లో కాథలిక్కు కుట్రదారులు పార్లమెంటు కింద దాచిన తుపాకిమందు పీపాలు దొరికిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదు. 1618లో మొదలైన జర్మనీ యుద్ధంలో ప్రొటెస్టెంటు రాజ్యాలు ఒకటొకటిగా పడిపోతున్నాయి, బొహీమియాలోను, పలటినేట్‌లోను సింహాసనం పోగొట్టుకున్నది స్వయంగా తమ రాజు జేమ్స్ అల్లుడు. 1625లో గద్దెనెక్కిన చార్లెస్ రాజు భార్య కాథలిక్కు. ఆమె ప్రార్థనామందిరంలో కాథలిక్కు పూజలు జరుగుతుంటే, ఊరి చర్చిలో బల్ల గోడవైపు జరుగుతుంటే, ఆ రెండింటినీ కలిపి చూడకుండా ఉండడం ఎవరికి సాధ్యం? 1640లో స్కాట్లండు మీద యుద్ధానికి బయలుదేరిన సైనికులు దారిలో ఎసెక్స్ వంటి చోట్ల చర్చిల కటకటాలు పీకి తగలబెట్టారు. ఈ వరసంతా తెలిసిన పాఠకుడికి ఆ మంట ఎక్కడి నుంచి రగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

స్కాట్లండు భాగాన్ని నీవు బాగానే రాశావు, అందుకని క్లుప్తంగానే చెబుతాను. 1637 జూలై 23న ఎడింబరోలోని సెయింట్ జైల్స్ చర్చిలో రాజు రుద్దిన కొత్త ప్రార్థన పుస్తకం చదవగానే అల్లరి చెలరేగిందన్నది చరిత్ర. పీట విసిరిన స్త్రీ పేరు జెన్నీ గెడెస్ అన్నది తరువాతి కాలం చెప్పుకున్న మాట, ఆనాటి వృత్తాంతాల్లో ఆ పేరు కనిపించదు. కనుక దానిని సంప్రదాయంగానే చెప్పు. 1618లోనే పెర్త్ నగరంలో చేసిన ఐదు తీర్మానాలలో మోకరింపు ఒకటని గుర్తుచేస్తే ఇలాంటి మార్పులను ఎదిరిస్తామని స్కాట్లండు జనం సంతకాలు చేసిన 1638 జాతీయ నిబంధన వెనుక ఇరవై ఏళ్ళ నలుగుడు ఉందని పాఠకుడు గ్రహిస్తాడు.

నీ చిత్తుప్రతిలో నాకు అన్నిటికన్నా లోటుగా అనిపించినది విలియం ప్రిన్, హెన్రీ బర్టన్, జాన్ బాస్ట్‌విక్‌ల కథను మధ్యలో వదిలేయడం. ప్రిన్ న్యాయవాది, బర్టన్ లండన్ నగరంలో ఒక సంఘ కాపరి, బాస్ట్‌విక్ వైద్యుడు. బిషప్పులను నిందిస్తూ రాసినందుకు 1637 జూన్ 30న వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముగ్గురినీ బొండలో నిలబెట్టి చెవులు కోశారు. 1634లోనే ఒకసారి చెవులు కోయించుకున్న ప్రిన్‌కు ఈసారి మిగిలిన మొదళ్ళు కూడా తీసి, చెంపల మీద అక్షరాలు కాల్చి ముద్రవేశారు. నీవు అక్కడితో ఆపి, లాడ్ క్రూరత్వం మీద ఒక పేరా రాసి ముగించావు. ముందుకు వెళ్ళు. 1640 నవంబరులో పార్లమెంటు వాళ్ళను విడిపించినప్పుడు లండన్ జనం వీధుల్లోకి వచ్చి ఎదురేగారు. రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం నడుస్తున్న 1643లో అదే ప్రిన్ లండన్ టవర్ కోటలో ఖైదీగా ఉన్న లాడ్ గదిని సోదాచేసి అతని కాగితాలు, దినచర్య పుస్తకం (డైరీ) పట్టుకుపోయాడు. ఆ దినచర్యను తన అవసరానికి తగ్గట్టు కత్తిరించి అచ్చువేశాడు, లాడ్ మీద విచారణ నడిపించిన వాళ్ళలో ముందు నిలిచాడు. 1645 జనవరి 10న లాడ్ తల నరికారు. ఆ ఏటికే ఒకనాటి ముగ్గురు మిత్రులు ఒకరి మీద ఒకరు కరపత్రాలు రాసుకుంటున్నారు. సంఘాన్ని ఎవరు పాలించాలన్న ప్రశ్న దగ్గర వాళ్ళు విడిపోయారు. ప్రతి స్థానిక సంఘమూ తన పాలన తానే చూసుకోవాలన్న ఇండిపెండెంట్ల పక్షాన బర్టన్ నిలిచాడు, సంఘాలన్నిటినీ పెద్దల సభలు కలిపి పాలించాలన్న ప్రెస్బిటేరియన్ల వైపు బాస్ట్‌విక్ వెళ్ళాడు, సంఘ వ్యవహారాల్లో పార్లమెంటుదే పైచేయి కావాలంటూ ప్రిన్ ఇండిపెండెంట్లను తూర్పారబట్టాడు. ఒకే వేదిక మీద ఒకే కత్తికి చెవులు ఇచ్చినవాళ్ళు ఎనిమిదేళ్ళలో ఇలా విడిపోవడంలో ఈ శతాబ్దపు స్వభావమంతా ఉంది. శిక్ష వాళ్ళను కలిపింది, విడుదల వాళ్ళను విడదీసింది. ఈ భాగానికి నీవు ఎన్ని పుటలు ఇచ్చినా నేను ఎక్కువని అనను.

చర్చిని సంస్కరించడానికి పార్లమెంటు పిలవగా 1643 జూలైలో మొదలైన వెస్ట్‌మిన్‌స్టర్ సభను గురించి రాసేటప్పుడు పేర్ల జాబితా తగ్గించు. పార్లమెంటు 121 మంది బోధకులను పిలిచిందని, స్కాట్లండు నుంచి ప్రతినిధులు వచ్చారని ఒక వాక్యంలో చెప్పి, థామస్ గుడ్విన్, ఫిలిప్ నై మొదలైన ఐదుగురు అసమ్మతివాదుల దగ్గర ఆగు. ఆ సభలో దాదాపు అందరూ కాల్విన్ సిద్ధాంతం నమ్మినవారే. రక్షణ పొందేవారిని దేవుడే ముందుగా ఎన్నుకుంటాడన్న దాని మీద వాళ్ళకు తగవు లేదు. ఒక సంఘం తప్పుదారి పడితే దానిని సరిదిద్దే అధికారం పలు సంఘాల ప్రతినిధుల సభకు ఉందా అన్న ఒక్క ప్రశ్న మీద వాళ్ళు నెలల తరబడి వాదించారు. 1644 జనవరిలో ఆ ఐదుగురు తమ వాదాన్ని అచ్చువేసి పార్లమెంటు ముందుకు తీసుకెళ్ళడంతో లోపలి చర్చ వీధికెక్కింది. ఇక్కడ స్కాట్లండు ప్రతినిధి శామ్యూల్ రూథర్‌ఫర్డ్‌ను మరచిపోకు. 1636లో బిషప్పులు అతన్ని తన సంఘం నుంచి వెళ్ళగొట్టి అబర్డీన్‌లో నిర్బంధించారు, అక్కడి నుంచి అతను రాసిన ఉత్తరాలను భక్తులు ఇప్పటికీ చదువుతారు. అంత మెత్తని మనసున్నవాడు 1649లో మనస్సాక్షి స్వేచ్ఛ అనే భావననే ఖండిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. దీనిని వంచన అని తేల్చేయకు. అబద్ధ బోధ ఆత్మలను నిత్యనాశనానికి ఈడుస్తుందని నిజంగా నమ్మినవాడికి దానిని ఊరకే వదిలేయడం కరుణ అనిపించదు. నాకు అతని నిర్ణయం తప్పుగానే కనిపిస్తుంది, అయినా ఆ నిర్ణయానికి అతన్ని తీసుకెళ్ళిన దారిని పాఠకుడు అడుగడుగునా నడిచిన తరువాతే నా అభిప్రాయం చెప్పే హక్కు నాకు వస్తుందని నమ్ముతాను.

ఆధారాల గురించి రెండు మాటలు. కరపత్రాలను ఎప్పుడూ జంటగా చదువు. థామస్ ఎడ్వర్డ్స్ 1641లో ఇండిపెండెంట్లను ఖండిస్తూ రాసినది చదివితే, అదే ఏడు కాథరిన్ చిడ్లీ అనే స్త్రీ అతనికి ఇచ్చిన జవాబు కూడా పక్కన పెట్టుకో. విశ్వవిద్యాలయం గడప తొక్కని ఒక స్త్రీ లేఖనాలను ఆధారం చేసుకొని బోధకుడిని వాదానికి పిలవడం ఆ కాలానికి ఎంత పెద్ద సంగతో అప్పుడు అర్థమవుతుంది. జార్జ్ థామసన్ అనే లండన్ పుస్తక వ్యాపారి 1640 నుంచి 1661 వరకు దాదాపు 22,000 ప్రచురణలు సేకరించి, చాలావాటి మీద అవి తన చేతికి వచ్చిన తేదీ రాసిపెట్టాడు. ఎవరు ఎవరికి జవాబిచ్చారో తెలుసుకోవడానికి ఆ తేదీలు ఎంతో ఉపకరిస్తాయి. తేదీలతో ఒక చిక్కు ఉంది: ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, స్కాట్లండు 1600 నుంచే జనవరి 1ని పాటించింది. లాడ్ మరణం ఆనాటి ఇంగ్లీషు కాగితాల్లో 1644గా కనిపించేది అందుకే. నీవు దానిని ఒకచోట 1644 అని, మరొకచోట 1645 అని రాశావు, సరిచూసుకో.

1662 అధ్యాయానికి వస్తే, ప్యూరిటన్ల మీద నీకున్న ప్రేమ అక్కడ నీ కలాన్ని ఒకవైపు వంచింది. ప్రార్థన పుస్తకంలోని ప్రతి మాటకూ మనస్ఫూర్తిగా సమ్మతి తెలపాలని, బిషప్పు తల మీద చేతులుంచి బోధకుడిగా నియమించే అభిషేకం లేనివాళ్ళు దానిని పొందాలని, 1643లో స్కాట్లండుతో కలిసి చేసిన నిబంధన ప్రమాణాన్ని తోసిపుచ్చాలని ఆ ఏటి ఏకరూపతా చట్టం ఆగస్టు 24 వరకు గడువు పెట్టింది. రాజరికం తిరిగివచ్చిన 1660 నుంచి లెక్కపెడితే దాదాపు 2,000 మంది బోధకులు, ఉపాధ్యాయులు స్థానాలు వదులుకున్నారు. వాళ్ళ వేదనను నీవు రాసిన తీరు నన్ను కదిలించింది. కాని 1640ల్లో పార్లమెంటు పక్షం వెళ్ళగొట్టిన బిషప్పుల అనుయాయులు కూడా రెండు వేలకు పైబడే ఉన్నారు, నీ వ్యాసంలో వాళ్ళకు ఒక్క వాక్యం కూడా దక్కలేదు. ఎడ్మండ్ కాలమీ 1702లో ఒక పక్షపు బాధితుల జాబితా వెలువరిస్తే, జాన్ వాకర్ 1714లో రెండో పక్షపు జాబితా వెలువరించాడు. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదువు. ప్యూరిటన్ బోధకుడు రిచర్డ్ బాక్స్‌టర్ జీవితమే చూడు. కిడర్‌మిన్‌స్టర్‌లో అతని పరిచర్య ఆ ఊరినే మార్చింది. 1660లో రాజు తిరిగివచ్చినప్పుడు హెర్‌ఫర్డ్ బిషప్పు పదవి ఇస్తామన్నా మనస్సాక్షి ఒప్పక కాదన్నాడు. అయితే కిడర్‌మిన్‌స్టర్‌లో అంతకుముందు స్థానం పోగొట్టుకున్న పాత వికారు (ఊరి చర్చి గురువు) కూడా ఒకడున్నాడు, 1660లో అతను తన చోటికి తిరిగివచ్చాడు, బాక్స్‌టర్‌కు ఆ ఊళ్ళో బోధించే వీలు లేకుండా పోయింది. ఈ ఇద్దరినీ ఒకే పుటలో నిలబెట్టు.

మన పాఠకుడికి ఇదంతా ఎందుకని నీవు చివర్లో వాపోయావు. లంకె కోసం వెతకనక్కరలేదు. బిషప్పు చేతులుంచని బోధకుడు సరైన బోధకుడేనా అన్న 1662 నాటి ప్రశ్న 1919లో తమిళ తీరంలోని ట్రాంక్‌బార్‌లో ఐక్యత కోసం కూడిన దక్షిణ భారత సంఘనాయకుల ముందుకు యథాతథంగా వచ్చింది. ఆ ప్రయత్నానికి ముందు నిలిచినవారిలో దోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్య ఒకరు, ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు, ఐక్యతను చూడలేకపోయారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) కలిసినప్పుడు, అప్పటికే పనిచేస్తున్న బోధకులను మళ్ళీ అభిషేకించకుండానే అంగీకరించారు, ఇకపై జరిగే అభిషేకాలు బిషప్పుల చేతిమీదుగా జరగాలని నిర్ణయించారు. ఇంగ్లండులో ఆనాడు బాక్స్‌టర్ వంటివారు కోరుకున్న రాజీకి ఇది ఎంత దగ్గరో చూడు. మన బాప్టిస్టు, లూథరన్ సంఘాలు ఆ ఐక్యతలో చేరలేదు, వాళ్ళ కారణాలకూ వేర్లు ఆ పాత వాదాల్లోనే ఉన్నాయి. మన ఊళ్ళలో పక్కపక్కన నిలిచిన రెండు చర్చిల పేర్లు వేరుగా ఎందుకున్నాయో తెలియక పెరిగినవాళ్ళు నీ పాఠకుల్లో చాలామంది ఉంటారు.

క్వేకర్ల అధ్యాయం, 1689 సహన చట్టం సంగతి మరో ఉత్తరంలో మాట్లాడుకుందాం. ముందు బర్టన్, బాస్ట్‌విక్, ప్రిన్‌ల భాగాన్ని 1645 దాకా నడిపించి, 1662 అధ్యాయంలో కిడర్‌మిన్‌స్టర్ పాత వికారుకు చోటిచ్చి, ఆ రెండూ నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి