కారు దగ్గుతోందా? ముందు నూనె చూడండి

ప్రశ్న: వానాకాలమంతా షెడ్డులోనే ఉన్న మా 1965 ఎం.జి.బి. కారులో యాక్సిలరేటర్ గబుక్కున తొక్కితే ఇంజిన్ దగ్గి ఆగిపోతోంది. ఇంజిన్‌కు గాలి, పెట్రోలు కలిపి పంపే రెండు ఎస్.యు. కార్బురేటర్లూ మార్చేయాలా? – పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: వద్దు, అవి బంగారం లాంటివి. పైమూతలు విప్పి డాష్‌పాట్లలో, అంటే కార్బురేటర్ పిస్టన్ కదలికను నెమ్మది చేసే నూనె గొట్టాల్లో, నూనె చూడండి. అది లేకపోతే పిస్టన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. లోపలి బోలు కడ్డీ అంచుకు 13 మిల్లీమీటర్ల పైదాకా 20 గ్రేడు ఇంజిన్ ఆయిల్ పోయండి.

ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, పిస్టన్‌ను వేలితో ఎత్తి వదలండి. టక్కుమని పడాలి. పడకపోతే లోపల మురికైనా ఉంటుంది, పెట్రోలు వచ్చే సన్న గొట్టం (జెట్) పక్కకైనా జరిగి ఉంటుంది. పెట్రోలు గుడ్డతో తుడవండి, గరుకు కాగితం మాత్రం తగలనివ్వకండి. ఏ కార్బురేటర్ గదిలోని పిస్టన్ ఆ గదికే, తారుమారైతే పట్టేస్తుంది. ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు పాడై కారతాయి, వాటిని మాత్రం మార్చండి.