ప్రకటనలో లేనిదాన్ని వెతుకు

అమ్మాయీ,

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కూల్చడం మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కోపం ఉంది, ఉండవలసిందే. కానీ సగానికి పైగా నాయకులను తిట్టడానికే ఖర్చయింది. తిట్లు చదివి మనసు మార్చుకునే పాఠకుడు ఉండడు. పర్యావరణం గురించి ప్రభుత్వాలు చెప్పే మాటల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. ఉన్న నిజాల్లోంచి తమకు పనికొచ్చేదాన్ని ఏరి ముందు పెడతారు, మిగిలినవి కనబడకుండా పోతాయి. వాటిని వెతికి తేవడం నీ పని.

2025 మార్చి చివర, ఉగాది, రంజాన్ సెలవుల్లో ఆ 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. రికార్డుల్లో అది అటవీ భూమి కాదని తెలంగాణ ప్రభుత్వం అంది. 2004లో ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చి 2006లో వెనక్కి తీసుకున్న భూమి అని, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం 2024లో తమకు అనుకూలంగా ముగిసిందని కూడా అంది. వ్యాజ్యం సంగతి నిజం. నువ్వు దాన్ని కూడా కట్టుకథ అని కొట్టిపారేశావు. అక్కడే నీ వ్యాసం నాకు బలహీనంగా తోచింది.

ఆ నిజాన్ని ఒప్పుకో, ఒప్పుకుని ముందుకు నడువు. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న. దాని మీద ఏముందన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబిచ్చి, రెండోదానికి కూడా ఇచ్చేసినట్టు అనిపించేలా ఆ ప్రకటనలు నడిచాయి. యాజమాన్యం ఎవరిదైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయినదాన్ని అడవిగానే చూడాలని 1996 డిసెంబరు 12న, అడవుల రక్షణ కోసం నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ వ్యవహారానికి అదే కీలకం, నీ వ్యాసంలో దాని ఊసే లేదు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పంపగా వెళ్లి చూసిన హైకోర్టు రిజిస్ట్రార్, సుమారు 100 ఎకరాల్లో చెట్లు కూల్చేశారని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని నివేదించారు. అక్కడ జింకలు లేవని ముఖ్యమంత్రి అన్న మాట పక్కన ఈ నివేదికను పెట్టు. ఇంకే విశేషణమూ అక్కరలేదు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. నువ్వు జతచేసిన బొమ్మ, యంత్రాల ముందు జింకలు పరుగెత్తేది, కృత్రిమ మేధతో చేసినది. అలాంటివి ఆ రోజుల్లో విపరీతంగా తిరిగాయి. వాటిని చూపించి మొత్తం ఆందోళనే కల్పితమన్నట్టు మాట్లాడే వీలు ప్రభుత్వానికి చిక్కింది. విద్యార్థులు అక్కడే ఉండి, లాఠీల మధ్య తీసిన అసలు వీడియోలను కూడా జనం అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. ఆ పిల్లలకు మనం చేసిన అన్యాయం అది. ఆ బొమ్మ తీసెయ్యి.

ఇక అంకెలు. వీటితో నీకు ఓపిక తక్కువని తెలుసు, కానీ అసలు పని ఇక్కడే ఉంది. 2024 డిసెంబరులో విడుదలైన జాతీయ అటవీ స్థితి నివేదిక ప్రకారం, రెండేళ్లలో దేశంలో అడవులు, చెట్ల విస్తీర్ణం 1,445 చదరపు కిలోమీటర్లు పెరిగి 25.17 శాతానికి చేరింది. పత్రికా ప్రకటనల్లో మెరిసేది ఈ అంకె. ఆ పెరుగుదలలో అడవి కింద లెక్కించినది సుమారు 156 మాత్రమే. మిగిలిన 1,289 అడవుల బయట ఉన్న చెట్లు. ఆ 156ను కూడా విప్పి చూడాలి. హెక్టారు, ఆపైన ఉన్న స్థలంలో పది శాతానికి మించి ఆకుల నీడ ఉంటే ఉపగ్రహ చిత్రంలో అది అడవే. భూమి ఎవరిదన్నది, ఏ జాతి చెట్లన్నది ఆ లెక్కకు పట్టదు. మామిడి తోటలు, జామాయిల్ తోటలు ఇందులోకి వచ్చేస్తాయి. 2021 నివేదికలో అడవుల పెరుగుదలలో ఆంధ్రప్రదేశ్ 647 చదరపు కిలోమీటర్లతో దేశంలో మొదట, తెలంగాణ 632తో తరువాత నిలిచాయి. అప్పుడు అడగవలసింది ఒకటే: నల్లమల చిక్కబడిందా, లేక ఎక్కడో జామాయిల్ ఎదిగిందా? జవాబు కోసం ఎవరినీ బతిమాలనక్కరలేదు. దట్టమైనది, మధ్యస్థం, పలుచనిది అని విడదీసిన పట్టికలు, జిల్లాలవారీ లెక్కలు ఆ నివేదికలోనే ఉంటాయి. పార్టీ ఏదైనా, అధికారంలో ఎవరున్నా ఈ పట్టికలే తెరువు.

కొట్టిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటుతామనే హామీకీ ఇదే పద్ధతి: ఎక్కడ, ఏ జాతి, మూడేళ్ల తరువాత లెక్కించేది ఎవరు?

తిరగరాసేటప్పుడు ఎదుటివారి వాదనను వాళ్ల మాటల్లోనే, దాని పూర్తి బలంతో ముందు పెట్టు. వ్యాసాన్ని మాత్రం ఏప్రిల్ 16 నుంచి మొదలుపెట్టు. కూల్చిన ఆ 100 ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక చెప్పమని సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని అడిగింది ఆ రోజే. అందులో ఏం రాశారో, ఈ రోజు నేల మీద ఏముందో స్వయంగా చూసి రాయి. పూర్తయ్యాక నాకు పంపు.

ఆశీస్సులతో.