అకిరకి పేరు పెట్టిందెవరు?

అమ్మాయ్,

నీ కథ అందింది, అకిర అనే జపాన్ ముసలాయన మీద రాసింది. నా మనవరాలి వయసుదానివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. కథతో పాటు రెండు పేజీల ప్రశ్నలు కూడా పంపావు. ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, ఎన్ని పదాలుండాలి, వర్క్‌షాపులకి వెళ్తే లాభం ఉందా అని. వాటి సంగతి తర్వాత చూద్దాం. నిన్న మధ్యాహ్నం భోంచేసి, మంచమ్మీద వాలి, నీ కథ చేతిలోకి తీసుకున్నాను. రెండో పేజీ మధ్యలో లేచి కూర్చున్నాను. కోపమొచ్చి.

'అకిరా అంటే సమురాయిల భాషలో బలవంతుడు' అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర. ఎక్కడిదమ్మా ఇది? పిల్లల పేర్లు దొరికే ఏదో సైట్లో చూసుంటావు. సమురాయిలకి వేరే భాష ఏమిటి, మన రెడ్డిరాజులకి విడిగా ఒక భాష ఉన్నట్టు? వాళ్ళూ జపనీసే మాట్లాడారు. అకిర అన్న పేరుకీ బలానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాటలో ఉన్నది వెలుగు, స్పష్టత. చివర దీర్ఘం కూడా లేదు. రెండో పేజీలో అకిరా, ఐదో పేజీలో అకిర, తొమ్మిదిలో మళ్ళీ అకిరా. సినిమా దర్శకుడు కురొసావాని కురసోవా చేసి నలభై ఏళ్ళుగా రాస్తున్న జాతి మనది, నిన్నొక్కదాన్నీ అనడం దేనికిలే.

నాకు జపనీస్ రాదు. మా మేనల్లుడు ఒసాకాలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాడు. రాత్రి వాడికి ఫోన్ చేసి గంటసేపు ప్రాణం తీశాను. ఈ కింద రాసేదంతా వాడు చెప్పిందీ, నేను ఇదివరకు చదువుకున్నదీ.

అకిర అని నోటితో అంటే ఒకటే పేరు. రాయడానికి కూర్చుంటే డజన్లకొద్దీ పేర్లు, వాళ్ళ అక్షరాల్లో ఒక్కోదానికీ ఒక అర్థం ఉంటుంది మరి. కురొసావా అకిర పేరులో ఉన్న అక్షరంలో సూర్యుడూ చంద్రుడూ పక్కపక్కన నిలబడి ఉంటారు. మీ తరం వాళ్ళు పిచ్చిగా చదివే బొమ్మల కథల తోరియామాది కూడా అదే అక్షరం. 2010లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చిన సుజుకి అకిరది వేరు. దానికి పుస్తకంలో అధ్యాయం అన్న అర్థం ఉంది. ఆయన పేరుతో ఉన్న రసాయనచర్యని మన హైదరాబాదు మందుల ఫ్యాక్టరీల్లో కుర్రాళ్ళు రోజూ 'సుజుకి చేస్తున్నాం' అంటారట. 2019లో లిథియం అయాన్ బ్యాటరీకి నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకాయన యోషినో అకిర. ఆయనది సుజుకిగారి అక్షరానికే కుడిపక్క మూడు ఏటవాలు గీతలు చేర్చింది. మూడు గీతలతో మనిషి మారిపోయాడు. ఇంకో అకిర అక్షరం 'షోవా' శకం పేరులోది, అంటే హిరోహితో చక్రవర్తి ఏలిన కాలం. 1926 డిసెంబరులో ఆ శకం మొదలయ్యాక ఎందరో తండ్రులు ఆ అక్షరం తెచ్చి కొడుకుల పేర్లలో పెట్టుకున్నారు.

అక్షరం చూసి పేరు ఎలా పలకాలో చెప్పలేకపోవడం అక్కడ మామూలేనట. వాళ్ళ కుటుంబ రిజిస్టర్లో మొన్న 2025 మే దాకా పేరు పలికే తీరు రాసే గడే లేదు. మనిషిని అడిగి తెలుసుకోవలసిందే.

మరి నీ ముసలాయనది ఏ అకిర?

నీకు తెలియదు. తెలియకుండానే పద్నాలుగు పేజీలు రాశావు. నాకున్న పట్టుదల ఇది ఒక్కటే, నలభై ఏళ్ళ నుంచీ ఎవరు కథ తెచ్చినా దీని మీదే గొడవపడతాను: పాత్రకి పేరు పెట్టిందెవరో రచయితకి తెలియాలి. కథలో రాయమనడం లేదు. తెలిసి ఉండాలి అంతే. తాతా? మేనత్తా? గుళ్ళో పూజారా? ఆ పూట ఇంట్లో గొడవ జరిగిందా? ఇంకో పేరు అనుకుని మానేశారా?

నీ అకిర క్యోటోలో 1942లో పుట్టాడన్నావు. బాగుంది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మరుసటి ఏడాది అది. అప్పుడు మగపిల్లలకి మసారు, ఇసాము లాంటి పేర్లు తెగ పెట్టారు. గెలుపు అని, ధైర్యం అని. వీధి వీధంతా గెలుపులూ ధైర్యాలూ ఉయ్యాలల్లో ఊగుతుంటే ఒక ఇంట్లో మాత్రం పిల్లాడికి వెలుగు అని పేరు పెట్టారు. ఎందుకు? తండ్రి బడిపంతులా? పెద్ద కొడుకుని అప్పటికే సైన్యానికి పంపిన తల్లి పట్టుబట్టిందా? పుట్టిన ఏడో రాత్రి తెల్లకాగితం మీద కుంచెతో పేరు రాసి ఇంట్లో అందరికీ కనబడేట్టు పెట్టే ఆచారం ఉందక్కడ. 14 రోజుల్లోపు ఆఫీసులో నమోదు చేయించాలి. ఆ ఏడో రాత్రి కుంచె పట్టుకున్న చెయ్యి ఎవరిది? నీ కథ అక్కడుంది. నువ్వేమో ఆయన చేత చెర్రీపూల కింద కన్నీళ్ళు పెట్టించావు.

ఈ జబ్బు నాకూ ఉండేది. 1976లో అనుకుంటాను, ఒక కథ రాశాను. హీరో పేరు బిమల్. అప్పట్లో మాకు బెంగాలీ నవలల పిచ్చి. నేను కలకత్తా చూసింది లేదు, హౌరా వంతెనని మంగలిషాపు క్యాలెండర్లో చూశాను. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న ప్రెస్సులో కథ అచ్చుకి వెళ్ళింది. చేత్తో అక్షరాలు ఏరి పేర్చే రోజులు. ముసలి కంపోజిటర్ ఒకాయన, కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టుకుని ఉండేవాడు, గళ్ళపెట్టెలోంచి ఒక్కో అక్షరం తీస్తూ తలెత్తకుండా అడిగాడు. "ఈ బిమల్‌కి పేరెవరు పెట్టారు బాబూ? వాళ్ళ అమ్మమ్మా?" నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "కాదు, పొద్దున్నించీ 'బి' ఏరుతున్నాను, అయిపోతున్నాయి. అందుకని అడిగా" అన్నాడు. ఆ రాత్రి ఏలూరు బస్సులో నాకు తల తిరిగిపోయింది. తర్వాతెప్పుడో తెలిసింది, బెంగాలీ ఇళ్ళల్లో ముద్దుపేరు వేరే ఉంటుందనీ, నా బిమల్‌ని వాళ్ళమ్మ చచ్చినా బిమల్ అని పిలవదనీ. నా కథలో ఆవిడ ఇరవై మూడుసార్లు పిలిచింది.

నీ కథలో కూడా అదే తంతు. భార్య మొగుణ్ణి 'అకిరా సాన్' అంటుంది. తల్లి కొడుకుని 'అకిరా సాన్' అంటుంది. పక్కింటాయన, పోస్ట్‌మాన్, డాక్టరు, అందరూ అకిరా సానే. 'సాన్' అంటే మన 'గారు' అనుకో. ఏ తల్లయినా కన్నకొడుకుని గారూ అంటుందా? చిన్నప్పుడు 'చాన్' అంటుంది, లేకపోతే ఉత్తి పేరు. ఆ తరం ఇల్లాలు భర్తని 'అనాతా' అనడమే ఎక్కువట. మా అమ్మ మా నాన్నని 'ఏవండీ' తప్ప ఇంకోటి అనలేదు. డెబ్బై ఏళ్ళు కాపురం చేసి ఆవిడ నోట ఆయన పేరు రాలేదు, రేషన్ కార్డు ఆఫీసులో అడిగితే నా వైపు చూసింది. పక్కింటివాళ్ళూ పోస్ట్‌మానూ ఇంటిపేరుతో పిలుస్తారు. నీ ముసలాయనకి ఇంటిపేరే లేదు! తెలుగుదానివై ఉండి ఇంటిపేరు మర్చిపోయావు. వాళ్ళదీ మన పద్ధతే, ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు మాత్రం దొరల కోసం తిరగేసేవారు. 2020 జనవరి నుంచి ప్రభుత్వ కాగితాల్లో అదీ మానేశారు. మనం ఇంటిపేరుని ఒక్క పొడి అక్షరంగా నరికి ముందు తగిలించుకున్నాం.

పేరు జోలికి వస్తే నాకు ఒళ్ళు మండటానికి ఇంకో కారణం ఉంది. 1981లో ఒక వారపత్రిక నా కథ వేసుకుంది. అందులో పిల్లాడి పేరు పెంటయ్య. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. వీణ్ణి నాయనమ్మ పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, చేటెడు తవుడు పోసి కొనుక్కుంటుంది. పత్రిక చేతికొచ్చింది. తీసి చూస్తే పిల్లాడి పేరు ప్రసాద్. ఎడిటరుగారు మార్చారు. పాఠకులు ముఖం చిట్లిస్తారట. పెంటకుప్ప అలాగే ఉంది, తవుడూ అలాగే ఉంది, కుప్ప మీంచి లేచినవాడు మాత్రం ప్రసాద్. రైలెక్కి వెళ్ళి అడిగాను. కాఫీ ఇప్పించి, "మీకు భవిష్యత్తుంది, ఇలాంటి మోటు పేర్లు మానెయ్యండి" అన్నారు. బళ్ళో హాజరుపట్టీలో ఆ పేరు నాదే అని చెప్పలేదు. కాఫీ తాగి వచ్చేశాను.

ఇప్పటి పోటీలవాళ్ళ వరస ఇంకోటి. 'విదేశీ నేపథ్యం ఉంటే ప్రాధాన్యం' అని ప్రకటనలో వేస్తారు. నీ కథ అలాంటి దేనికో రాశావని నాకు అనుమానం. తప్పని అనను. మనవాళ్ళలో కూడా అకిరలు ఉన్నారు, సినిమావాళ్ళ ఇంట్లోనే ఒకడున్నాడు. కానీ బహుమతి కోసం జపాన్ వెళ్ళినవాళ్ళు కనీసం ఒక్క అకిరతోనైనా పరిచయం చేసుకోవాలి కదా.

కాగితం మడిచి బొమ్మలు చేసే ఓరిగామి కళాకారుడు యోషిజావా అకిరది సుజుకిగారి అక్షరమే, అధ్యాయం అన్నది. ఇరవై ఆరేళ్ళప్పుడు ఫ్యాక్టరీ పని మానేసి కాగితాలు మడవడానికి కూర్చున్నాడు. తిండికి సముద్రపు నాచు ఇగురు ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. నలభయ్యో ఏట, 1952లో, ఒక పత్రిక ఆయన మడిచిన పన్నెండు జంతువుల బొమ్మలు వేసింది. అప్పుడు లోకానికి తెలిశాడు. వర్క్‌షాపుల గురించి అడిగావు కదా, ఈయన గుర్తొచ్చాడు.

సరే, నీకు అసలు జవాబు ఎందుకు రాస్తున్నానో చెప్పలేదు.

పదకొండో పేజీలో ముసలాయన బియ్యం డబ్బా మూత తీస్తాడు. పిడికెడు గింజలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. బూజు వాసన. పారెయ్యబోతాడు. మళ్ళీ డబ్బాలోనే పోసి మూత పెడతాడు. నాలుగు వాక్యాలు. ఎందుకు పోశాడో నువ్వు చెప్పలేదు, అది చాలా మంచిపని. ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను.

నీకు తెలిసి రాశావో లేదో, అకిర అన్న పేరూ, క్యోటో అన్న ఊరూ, బియ్యానికి పట్టిన బూజూ ఈ మూడూ కలిసిన చోటు నిజంగా ఒకటుంది. ఎండో అకిర అని 1933లో అకిత ప్రాంతంలో రైతు ఇంట పుట్టాడు. చిన్నప్పటినుంచీ బూజులూ పుట్టగొడుగులంటే ఇష్టం. టోక్యోలో మందుల కంపెనీలో చేరి, 1971 నుంచి రెండేళ్ళపాటు 6,000కు పైగా సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటే పరీక్ష పెట్టాడు. కొలెస్ట్రాల్ తయారవకుండా అడ్డుపడే పదార్థం వాటిలో ఏదో ఒకటి వదులుతుండాలని ఆయన నమ్మకం. 1973లో దొరికింది. క్యోటోలో ఒక కొట్టులోని బియ్యం మీద పెరిగిన నీలాకుపచ్చ బూజు! ఎలుకలకి పెడితే కొలెస్ట్రాల్ దిగలేదు, అందరూ పెదవి విరిచారు. గుడ్లు పెట్టే కోళ్ళకి పెడితే దిగింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులన్నిటికీ మూలం అదే. ఆరేళ్ళ కిందట నా గుండెకి స్టెంటు వేశారు. అప్పటినుంచీ ప్రతి రాత్రీ ఆ వంశంలోని మాత్ర ఒకటి మింగుతున్నాను. ఎండోగారు 2024 జూన్‌లో పోయారు, తొంభై ఏళ్ళు. ఆ వార్త పేపర్లో చూసిన రోజు రాత్రి మాత్ర చేతిలో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. మా ఆవిడ నీళ్ళు మర్చిపోయారా అంది.

అందుకని పదకొండో పేజీ ఉంచు. మిగతా పదమూడూ తీసెయ్యి. అక్కడినుంచి మొదలుపెట్టి, ఆ చెయ్యి బియ్యంలో ఉండగానే ఏడో రాత్రికి వెళ్ళు. మన బారసాలలో పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి ఉంగరంతో పేరు రాస్తాడు కదా, నీ పేరు అలా ఎవరు రాశారో ముందు మీ అమ్మని అడుగు. అడిగాక మొదలుపెట్టు. వాళ్ళ కుంచెనీ మన ఉంగరాన్నీ మాత్రం కలపకు, మన సంగతి నీ చెయ్యి వేడెక్కడానికి, అంతే. ముసలాయనకి ఇంటిపేరు పెట్టు. పెళ్ళాం చేత 'అనాతా' అనిపించు, ఒక్కసారి చాలు. ఆయనది ఏ అకిరో, ఎవరు పెట్టారో ఒక చీటీ మీద రాసి నాకు విడిగా పంపు. కథలో కనబడితే ఒప్పుకోను. చెర్రీపూలు వద్దు.

కోళ్ళ సంగతి మాత్రం నువ్వు వాడకు. దాని మీద నేనొకటి మొదలుపెట్టాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు