తెలియనితనం, కోపం: జీడి బేరంలో గేమ్ థియరీ

అవతలివారి ఎత్తుగడలన్నీ మనకు తెలియనప్పుడు, వాటికి కోపతాపాలు కూడా తోడైనప్పుడు గేమ్ థియరీ (ఒకరి ఎత్తు మరొకరి ఎత్తు మీద ఆధారపడే సందర్భాల్లో ఎవరు ఏం చేస్తారో లెక్కగట్టే శాస్త్రం) లెక్కలు నిలుస్తాయా అని మీరు అడిగారు. నిలుస్తాయి, కాకపోతే తెలియనితనాన్నీ కోపాన్నీ రెండు వేర్వేరు లోపాలుగా చూస్తే అసలు సంగతి చేజారుతుందని నా అభిప్రాయం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడ జీడి పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. ఒక ఏడాది షావుకారు గుప్పెడు పిక్కలు కోయించి చూసి, పప్పు బాగుందని ఒప్పుకుంటూనే, పక్క తోటవారికి అంతకుముందు ఇచ్చిన దానికంటే తక్కువ ధర చెప్పేసరికి, మా నాన్నగారు మారుమాట లేకుండా బస్తాలను తిరిగి బండి ఎక్కించారు.

1982లో ఆర్థికవేత్త వెర్నర్ గూత్, మరో ఇద్దరు కలిసి ప్రచురించిన అల్టిమేటమ్ ఆటలో జరిగేదీ ఇదే. ఒకరు సొమ్ము పంపకం ప్రతిపాదిస్తారు; రెండోవారు కాదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. లాభమే లెక్కయితే రూపాయి ఇచ్చినా పుచ్చుకోవాలి, కానీ మరీ చిన్న వాటాను చాలామంది కాలదన్నుతారు.

అయితే మా దగ్గరి పలాస జీడిపప్పు కార్ఖానాలకు ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా ఓడల్లో వస్తాయన్న సంగతి అప్పటికి మా నాన్నగారి ఊహలోనే లేదు. అవతలివారి గురించి తెలియని విషయాలకు సంభావ్యతలు కట్టే పద్ధతిని ఆర్థికవేత్త జాన్ హర్సాని 1967-68లోనే చూపించారు గాని, ఉందని కూడా తెలియని దానికి ఏ సంభావ్యత కడతాం? నాన్నగారి దృష్టిలో ఆ బేరంలో ఉన్నది షావుకారు, తాను మాత్రమే. కాబట్టి ధర తగ్గడానికి మిగిలిన కారణం తనను అలుసుగా చూడటం ఒక్కటే. కోపం పుట్టింది అక్కడే. అల్టిమేటమ్ ఆటలో అదే చిన్న వాటాను కంప్యూటర్ ఇచ్చిందంటే మనుషులు అంతగా తిరస్కరించరని 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తేలింది. ఆటగాడికి దక్కే ఫలితమే (కోపం, తృప్తి లాంటివి కూడా కలిపి) అతని నమ్మకాల మీద ఆధారపడవచ్చని జియానాకోప్లోస్, పియర్స్, స్టాకెట్టి అనే ఆర్థికవేత్తలు 1989లో సిద్ధాంతీకరించారు.

దిగుమతుల సంగతి తెలిశాక నాన్నగారు ధర తగ్గితే కొంత సరుకు అమ్మి, కొంత ఆపుకుంటున్నారు, షావుకారును మాత్రం తప్పుపట్టడం లేదు. కాటా దగ్గర అన్యాయంగా తరుగు తీస్తే మాత్రం ఇప్పటికీ బస్తాలు వెనక్కి తెచ్చేస్తారు. ఆ సంగతి తెలిసిన షావుకారు మా సరుకు తూచేటప్పుడు తరుగు మాట ఎత్తడు.