సోయ్, ఎస్తోయ్, ఆదివారాలు

తమ్ముడూ, మాడ్రిడ్ వచ్చి రెండు నెలలైంది, స్పానిష్ నేర్పే యాప్‌లో అరవై రోజుల స్ట్రీక్ ఉంది, అయినా బార్‌లో నోరు పెగలట్లేదని రాశావు. ఆ స్ట్రీక్ బార్‌లో ఎవడడుగుతాడు? పదమూడేళ్ల కిందట నేను ఒక పాత డిక్షనరీతో ఈదుకొచ్చాను.

నేను చేసిన తప్పు, ప్రతి మాటనీ ఇంగ్లీషులో కట్టుకుని స్పానిష్‌లోకి మార్చడం. మొదటి ఆగస్టులో చెమటలు కక్కుతూ బార్‌లో "ఎస్తోయ్ కలియెంతే" అన్నాను. ఉక్కగా ఉందని నా భావం. కౌంటర్ దగ్గరున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. కోరికతో కాగిపోతున్నాను అన్నానట! "తేంగో కలోర్" అనాలి. నెల రోజులు ఆ వీధిలోంచే నడవలేదు.

అది నవ్వులాటతో పోయింది. ఇంకోటి పోలేదు. వీకెండ్ ఎలా గడిచిందని ఆఫీసులో అడిగితే "సోయ్ అబుర్రిదో" అనేవాణ్ణి. బోర్ కొడుతోందని నా ఏడుపు. నేను బోర్ మనిషిని అని వాళ్లకి వినపడేది. "ఎస్తోయ్ అబుర్రిదో" అనాలి. ఇక ఎవరు పిలుస్తారు? ఆ చలికాలం శుక్రవారం రాత్రి గదిలోకెళ్తే సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

సోయ్, ఎస్తోయ్ రెండూ ఇంగ్లీషులో "ఐ యామ్" అయిపోతాయి, ఈ తేడా అక్కడ వెతికితే దొరకదు. తెలుగులో ఉంది. తెలుగువాణ్ణి, తెలివైనవాణ్ణి అంటే సోయ్. బోర్‌గా ఉన్నాను, మాడ్రిడ్‌లో ఉన్నాను అంటే ఎస్తోయ్. "సోయ్ లిస్తో" అంటే తెలివైనవాణ్ణి, "ఎస్తోయ్ లిస్తో" అంటే రెడీగా ఉన్నాను. అన్నిచోట్లా కుదరదు గానీ రోజువారీ మాటలకి చాలు. "మె గుస్తా ఎల్ కఫే" కూడా అంతే, నాకు కాఫీ నచ్చుతుంది. ఒకటైతే గుస్తా, ఎక్కువైతే గుస్తాన్. మనం నచ్చింది, నచ్చాయి అనట్లేదూ? ఇంగ్లీషువాళ్లు ఇక్కడే తలకిందులవుతారు. వాక్యానికో "యో" కూడా తగిలించకు, నేను, నేను అని డప్పు కొట్టుకున్నట్టుంటుంది.

"ఊస్తెద్" అంటే మీరు, "తూ" అంటే నువ్వు. మర్యాద కదా అని కొలీగ్స్ అందరినీ ఆర్నెల్లు ఊస్తెద్ అన్నాను. స్పెయిన్‌లో తోటివాళ్ల దగ్గర అది మర్యాద కాదు, దూరం. దగ్గరికి రావద్దని నేనే చెప్పినట్టయింది.

మనవాళ్లకి పౌరసత్వానికి పదేళ్ల నివాసం, ఏ2 అనే ప్రాథమిక స్థాయి భాషా పరీక్ష, ఇంకో పరీక్ష ఉంటాయి. పరీక్షల వివరాలు వాటిని నడిపే సెర్వాంతెస్ సంస్థ సైట్‌లో చూసుకో, అదేం పెద్ద విషయం కాదు. నీ ఆదివారాల సంగతి చూడు ముందు.

రెండో ఏడు లిఫ్టులో పక్కింటి పెద్దావిడ పలకరిస్తే, మొదటిసారి తప్పు లేకుండా "ఎస్తోయ్ సోలో" అన్నాను, ఒంటరిగా ఉన్నానని. ఆదివారం భోజనానికి పిలిచింది. శనగలతో ఉడికించే కొసీదో అనే వాళ్ల వంటకం పెట్టింది. మన అలవాటు కొద్దీ తినగానే చెయ్యి కడుక్కుని లేచాను. "తె బాస్ యా?" అంది, అప్పుడే వెళ్తావా అని. మొహం చిన్నబుచ్చుకుంది. తిన్నాక బల్ల దగ్గరే కూర్చుని కబుర్లాడటానికి వాళ్లకో మాటే ఉంది, సోబ్రెమేసా. ఆరింటికి గానీ వదల్లేదు. నిన్నెవరైనా పిలిస్తే సాయంత్రానికి ఇంకో పని పెట్టుకోకుండా వెళ్లు.